పిల్లవాడు ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్ళాక మొదటి పది వారాలు: ఇంట్లో మనం ఏం చేయాలి

మా పెద్దోడు అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ళ సైనికుడిగా చేరి, ట్రైనింగ్ ముగించి, యూనిట్‌కి వెళ్ళిపోయి చాలా కాలమైంది. అయినా నా కుట్టుమిషన్ దగ్గరికి జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు ఇప్పటికీ అదే మాట అడుగుతారు. "వదినా, మావోడు వెళ్ళి పన్నెండు రోజులైంది. ఫోన్ లేదు. ఎవర్ని అడగాలి?" కొందరు అడగకముందే ఏడ్చేస్తారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి, నేను చేసినవీ, చేయకుండా ఉండాల్సిందని తర్వాత తెలుసుకున్నవీ ఒకచోట రాద్దామనిపించింది.

ఇది ఆర్మీలో అగ్నివీర్‌గా చేరినవాళ్ళ ఇళ్ళకోసం రాసింది. నేవీ పిల్లలు ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాకి, ఎయిర్‌ఫోర్స్ పిల్లలు ఎక్కువగా బెళగావికి వెళ్తారు. వాళ్ళకీ చాలావరకు పనికొస్తుంది. ఆడపిల్లల్ని మిలిటరీ పోలీసులోకి తీసుకుంటున్నారు, వాళ్ళ ట్రైనింగ్ బెంగళూరులో. నేను "అబ్బాయి" అని రాసినచోట "అమ్మాయి" అని చదువుకోండి, తేడా ఏమీ లేదు.

ముందుగా ఒక్క విషయం. మొదటి రోజుల్లో ఫోన్ రాకపోవడం ప్రమాదానికి గుర్తు కాదు. ట్రైనింగ్ అలాగే మొదలవుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక వంద పేజీల నోటుబుక్కు. జాయినింగ్ లెటర్ జెరాక్సు, పిల్లవాడి టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, వీటన్నిటి జెరాక్సులు ఒక కవర్లో, ఫోటోలు ఫోన్లో. తెల్ల కవర్లు, స్టాంపులు. ఆదివారం రోజంతా చార్జింగ్ ఉండే ఫోన్ ఒకటి. హిందీ వచ్చిన మనిషి ఒకరు. ఊళ్ళో రిటైరైన ఫౌజీ ఉంటే ఆయన్ని మించినవాళ్ళు లేరు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలాంటి ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇంటింటికీ అలాంటి పెద్దమనిషి దొరుకుతాడు, వాళ్ళకి ఈ వ్యాసమే అక్కర్లేదు. మిగతావాళ్ళం వెతుక్కోవాలి. పక్క ఊరైనా సరే, వెళ్ళి పరిచయం చేసుకుని రండి.

1. బయలుదేరకముందే పేర్లు సరిచూడండి

మన తెలుగువాళ్ళకి మొట్టమొదటి చిక్కు ఇంటిపేరుతోనే వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. బ్యాంకులో అదే అక్షరం పేరు చివర చేరి ఉంటుంది. ఉత్తరాది గుమాస్తాకి ఇవి మూడు వేర్వేరు మనుషుల పేర్లు.

పిల్లవాడి పేరొక్కటే చూసి ఊరుకోకండి. చేర్చుకునేటప్పుడు తల్లిదండ్రుల పేర్లు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ రాసుకుంటారు. దాన్ని కిండ్రెడ్ రోల్ అంటారు. రేపు మీకు ఏదైనా రావాలన్నా, మీరెవరో నిరూపించుకోవాలన్నా ఆ కాగితమే ఆధారం. నా పేరు ఆధార్‌లో "లక్ష్మి" అనీ, మావోడి మెమోలో "లక్ష్ముమ్మ" అనీ ఉంది. ఇంతోటిదానికి ఎవరడుగుతారులే అనుకున్నాను. తర్వాత అఫిడవిట్ చేయించడానికి మూడుసార్లు టౌనుకి తిరిగాను.

సరిచూసే పద్ధతి: కాగితాలన్నీ నేలమీద వరసగా పరిచి, ఒకరు ఒక్కో అక్షరం పైకి చదవండి, ఇంకొకరు వినండి. తేడా వస్తే అప్పుడే పని మొదలుపెట్టండి. బయలుదేరేలోపు ఆధార్ మార్పు అవ్వకపోయినా, దరఖాస్తు రసీదు పిల్లవాడి చేతిలో ఉండాలి.

నామినీగా ఎవరి పేరు ఇస్తాడో కూడా ఇంట్లోనే అనుకోండి. అగ్నివీర్‌కి మనం రూపాయి కట్టనక్కర్లేని 48 లక్షల బీమా ఉంటుంది. ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. అయినా ఎత్తాలి.

2. పెట్టెలో ఏం పెట్టాలి

జాయినింగ్ లెటర్‌తోపాటు జాబితా ఇస్తారు. అందులో ఉన్నవే కొనండి. పెద్ద షాపులకి వెళ్ళి ఖరీదైన బూట్లు కొనకండి. అక్కడ కిట్ ఇస్తారు, తక్కువైనవి కాంటీన్లో దొరుకుతాయి.

జాబితాలో లేకపోయినా నేను పెట్టమని చెప్పేవి: సూది, నల్లదారం, ఆకుపచ్చదారం, నాలుగు రకాల గుండీలు. గుండీ కుట్టడం, కాలర్ దగ్గర చిరుగు కలపడం బయలుదేరకముందే నేర్పండి. టైలరమ్మ కొడుకై ఉండీ మావోడికి సూదిలో దారం ఎక్కించడం రాలేదు. ఆఖరి వారంలో కూర్చోబెట్టి నేర్పాను. తర్వాత బ్యారక్‌లో పదిమందికి వాడే కుట్టిపెట్టాడట.

పచ్చళ్ళు, సున్నుండలు మూటలు కట్టకండి. ఎంతవరకు ఉండనిస్తారో తెలియదు. రైల్లో తినేంత పెట్టండి చాలు. నొప్పి మాత్రలు, ప్రోటీన్ పొడులు అసలు వద్దు. కారణం ఆరో మెట్టులో చెప్తాను.

ఇంకొకటి, ఇది కొనేది కాదు: హిందీ. మనవాళ్ళు అక్కడ దెబ్బతినేది పరుగులో కాదు. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసుల నుంచి వెళ్ళే పిల్లలు పరుగులో ఎవరికీ తీసిపోరు. ఉస్తాద్ (డ్రిల్, పీటీ నేర్పే శిక్షకుడు) చెప్పింది అర్థంకాక, పక్కవాణ్ణి చూసి చేసి, అర నిమిషం ఆలస్యమై, ఆ అర నిమిషానికి శిక్ష పడుతుంది. డ్రిల్ ఆర్డర్లన్నీ హిందీలోనే: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. నెల ముందునుంచి ఇంట్లో రోజూ అరగంట హిందీ వార్తలు పెట్టండి. తప్పో ఒప్పో మాట్లాడించండి.

3. పంపే రోజు

స్టేషన్‌కి ఇద్దరు వెళ్తే చాలు. సుమోలో పన్నెండుమంది వెళ్ళి, దండలు వేసి, అందరూ ఏడిస్తే ఆ ఏడుపుని వాడు రాత్రంతా రైల్లో మోసుకెళ్తాడు. ఇంటి అప్పులు, అక్క పెళ్ళి, పొలం తగాదా, ఏవీ ఆరోజు ఎత్తకండి.

ఎత్తాల్సిన మాటలు రెండున్నాయి. ఒకటి: "నొప్పి ఉంటే దాచకు." రెండు: ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసిన గుర్తుమాట ఒకటి. మేము మా పాత ఆవుపేరు పెట్టుకున్నాం. దాని అవసరం తొమ్మిదో మెట్టులో వస్తుంది.

అదే బండిలో మన జిల్లా పిల్లలు ఇంకా ఉంటారు. వాళ్ళ తల్లిదండ్రుల నంబర్లు ఒక నలుగురివి ఆ ప్లాట్‌ఫారం మీదే రాసుకోండి. నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. నలుగురిలో ఏ ఒక్కరికి ఫోన్ వచ్చినా నాలుగిళ్ళూ ఊపిరి పీల్చుకుంటాయి.

4. మొదటి పది పదిహేను రోజులు: ఎదురుచూడటం ఎలా

అక్కడేం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది. జుట్టు కత్తిరిస్తారు. మళ్ళీ మెడికల్ చూస్తారు. కాగితాలు పరిశీలిస్తారు. నంబర్ ఇస్తారు. కంపెనీ, ప్లటూన్ (పిల్లల్ని విడదీసే పెద్ద, చిన్న దళాలు) కేటాయిస్తారు. బట్టల కొలతలు తీసుకుంటారు, బూట్లు ఇస్తారు. తెల్లవారకముందే లేపుతారు. మంచం సర్దడం, బూటు మెరిపించడం, వరసలో నిలబడటం నేర్పుతారు. రాత్రి పడుకున్నాక ఫోన్ గుర్తుకొచ్చే ఓపిక కూడా ఉండదు. చాలాచోట్ల స్మార్ట్‌ఫోన్లు తీసి భద్రపరుస్తారు, తర్వాత వారానికొకసారి మాట్లాడనిస్తారు. ఏ సెంటర్ పద్ధతి ఆ సెంటర్‌ది.

ఈ రోజుల్లో మీ పని: వాడి నంబర్‌కి రోజుకి ముప్పైసార్లు కొట్టడం మానండి. స్విచాఫ్ అని వినబడిన ప్రతిసారీ మీ భయమే పెరుగుతుంది. నోటుబుక్కులో మొదటి పేజీలో బయలుదేరిన తేదీ, రైలు పేరు, సెంటర్ పేరు రాయండి. ప్లాట్‌ఫారం మీద తీసుకున్న నంబర్లకి ఫోన్ చేయండి.

మూడు వారాలు దాటినా ఎవరి ఇంటికీ, ఏ ఒక్క ఇంటికీ కబురు రాకపోతే అప్పుడు జాయినింగ్ లెటర్ మీదున్న నంబర్‌కి ఫోన్ చేయండి, లేదా పంపిన రిక్రూటింగ్ ఆఫీసుకి వెళ్ళండి. ఫోన్ ఎత్తేవాళ్ళు హిందీలో మాట్లాడతారు కాబట్టి ఈ వాక్యాలు కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి:

"నమస్తే సాబ్. మై అగ్నివీర్ ఫలానా కీ మాతాజీ బోల్ రహీ హూఁ." నాన్న అయితే "కా పితాజీ బోల్ రహా హూఁ."

"ఫలానా తారీఖ్ కో రిపోర్ట్ కియా థా."

"ఉస్కీ కంపెనీ ఔర్ ప్లటూన్ బతా దీజియే."

"వో ఠీక్ హై నా సాబ్?"

గొంతు పెంచకండి, ఏడవకండి. నేను చేసినప్పుడు అవతల హవల్దార్ ఎంతో ఓపిగ్గా మాట్లాడాడు. "మాతాజీ, చింతా మత్ కరో" అన్నాడు. ఆ నాలుగు ముక్కలతో నేను నాలుగు వారాలు నెట్టుకొచ్చాను.

5. మొదటి ఫోన్: అయిదు నిమిషాల్లో అడగాల్సినవి

మొదటి ఫోన్ తెలియని నంబర్ నుంచి రావచ్చు. వెనకాల వరసలో ఇంకో ఇరవైమంది నిలబడి ఉంటారు. ఇక్కడ అందరం చేసే తప్పు, ఫోన్‌ని అమ్మమ్మకీ, చెల్లెలికీ, పక్కింటి పిన్నికీ తిప్పడం. అందరూ "బాగున్నావా, తిన్నావా" అంటారు. టైమైపోతుంది. ఫోన్ పెట్టేశాక ఒక్క వివరమూ మన దగ్గర ఉండదు.

మొదటిసారి ఒక్కరే మాట్లాడండి. నోటుబుక్కు తెరిచి వరసగా అడగండి:

- నీ నంబర్, కంపెనీ, ప్లటూన్ చెప్పు. (రాసుకుని, మళ్ళీ చదివి వినిపించండి.)
- ఉత్తరం ఏ అడ్రసుకి రాయాలి? పిన్‌కోడ్?
- పాదాలు ఎలా ఉన్నాయి? జ్వరం గానీ, నొప్పి గానీ ఉందా?
- కాగితాల్లో ఏదైనా తక్కువైందా?
- మళ్ళీ ఎప్పుడు చేయనిస్తారు?

ఇంకా సమయం మిగిలితే అప్పుడు అమ్మమ్మకి ఇవ్వండి.

"బాగున్నావా" అని అడిగితే "బాగున్నా" అనే అంటారు. అందుకే పాదాల గురించి అడగమంటున్నాను. పాదాల గురించి అడిగితే పిల్లలు అబద్ధం చెప్పలేరు.

"ఇంటికెప్పుడొస్తావు" అని మాత్రం అడగొద్దు. వాడి చేతిలో లేని విషయం అది. సెలవు సంవత్సరానికి 30 రోజులు ఉంటుంది, ఎప్పుడివ్వాలో వాళ్ళే చూసుకుంటారు.

6. "వచ్చేస్తానమ్మా" అన్నప్పుడు

ఈ ఫోన్ దాదాపు ప్రతి ఇంటికీ వస్తుంది. మాకు నాలుగో ఆదివారం వచ్చింది. మిమ్మల్ని కంగారుపెట్టడానికి చెప్పడం లేదు, ముందే తెలిస్తే తడబడరని చెప్తున్నాను.

ఆ మాట వినగానే "వచ్చెయ్ నాన్నా, కలో గంజో ఇక్కడే తాగుదాం" అనకండి. "ఊళ్ళో తలెత్తుకోలేం, చచ్చినా అక్కడే ఉండు" అని అసలే అనకండి. మొదటిది వాడి కాళ్ళు లాగేస్తుంది. రెండోది ఇక మనకి ఏదీ చెప్పకుండా వాడి నోరు కుట్టేస్తుంది. "అవునా, ఏమైంది, చెప్పు" అని మాత్రం అని, వినండి. వింటూ మూడింట్లో ఏదో తేల్చుకోండి.

బెంగ. రోటీ మింగుడుపడటం లేదు, అన్నం గుర్తొస్తోంది, ఉస్తాద్ అరుస్తాడు, నిద్ర చాలడం లేదు, హిందీ రాదని నవ్వుతున్నారు. ఇవి చెప్తుంటే వినండి, అంతే. "వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం" అని ముగించండి. వచ్చే ఆదివారానికి ఇందులో సగం ఉండవు.  ఉస్తాద్ అరుపులు ఒక్క మన పిల్లవాడి మీద కాదు. కప్పగెంతులు, పొర్లడాలు లాంటి శిక్షల్ని అక్కడ రగడా అంటారు. ప్లటూన్ మొత్తానికీ పడితే అది ట్రైనింగ్‌లో భాగమే అనుకోండి.

దెబ్బ, జబ్బు. ఇక్కడ చాలా జాగ్రత్త. కొత్త బూట్లకి బొబ్బలు రావడం మామూలే, పగలగొట్టకుండా, తడి లేకుండా ఉంచుకోమనండి. మోకాలి కింద, కాలి ముందు ఎముక నొప్పి వేరు. పరుగెత్తేటప్పుడు ఉండి, విశ్రాంతి తీసుకుంటే తగ్గితే ఒక రకం. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే ప్రాణం పోయేలా ఉండటం, రాత్రి పడుకున్నా సలపడం, కుంటడం, ఇలాగైతే ఎముకలో సన్నటి చీలిక వచ్చి ఉండవచ్చు. పరుగు కొనసాగిస్తే పూర్తిగా విరగవచ్చు. అదేరోజు ఉస్తాద్‌కి చెప్పి ఎం.ఐ. రూమ్‌కి వెళ్ళమనండి. ఎం.ఐ. రూమ్ అంటే సెంటర్లోనే ఉండే వైద్యశాల. ఎండల్లో కళ్ళు తిరగడం, వాంతులు, ఒళ్ళు కాలిపోవడం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, ఇవైతే రేపటిదాకా కూడా ఆగకూడదు.

పిల్లలు నొప్పి ఎందుకు దాస్తారో తెలుసుకోండి. ఎక్కువ రోజులు ట్రైనింగ్ తప్పితే వెనక బ్యాచ్‌లో వేస్తారు. దాన్ని రెలిగేషన్ అంటారు. స్నేహితులు ముందుకెళ్ళిపోతారని, ఊళ్ళో ఫెయిలయ్యాడంటారని భయం. మా వాడు పన్నెండు రోజులు దాచాడు. తోటివాడి దగ్గర నొప్పి మాత్ర తీసుకుని పరుగెత్తాడు. మాత్ర నొప్పిని కప్పింది, ఎముక గోల ఎముకదే. చివరికి ఆరు వారాలు కూర్చోవాల్సి వచ్చింది, వెనక బ్యాచ్‌లో ముగించాడు. మొదటి రెండు రోజుల్లో చెప్పి ఉంటే వారం విశ్రాంతితో పోయేదేమో. మాత్రలు పెట్టెలో పెట్టొద్దని చెప్పింది అందుకే. "వెనక బ్యాచ్‌లో వేసినా ఫర్వాలేదు, మాకేం చిన్నతనం లేదు" అన్న మాట అమ్మానాన్నల నోటినుంచే రావాలి. బయలుదేరేముందు ఒకసారి, మొదటి ఫోన్‌లో ఒకసారి చెప్పండి.

అన్యాయం. మన పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పదేపదే కొట్టడం, డబ్బులడగడం, చెప్పుకోలేని పనులు చేయించడం. ఇది ట్రైనింగ్ కాదు. తేదీ, సమయం, ఎవరున్నారో రాసుకోమనండి. ముందు ప్లటూన్ సుబేదార్ సాబ్‌కి, తర్వాత కంపెనీ కమాండర్‌కి చెప్పుకునే దారి వాడికి ఉంది. అక్కడ ఆగిపోతే తల్లిదండ్రులు సెంటర్ కమాండెంట్ పేరున రాయవచ్చు. విషయం, తేదీలు, సంతకం ఒక పేజీలో ముగించి స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తిట్లు, బెదిరింపులు వద్దు.

వీటికంటే ముందు పిల్లవాడికి గట్టిగా చెప్పాల్సింది, చెప్పకుండా బయటికి వచ్చేయవద్దని. అనుమతి లేకుండా వచ్చేయడం 1950 ఆర్మీ చట్టం కింద నేరం. ఒకవేళ ఇంటి గుమ్మంలో వాడు నిలబడి ఉంటే, దాచకండి, కొట్టకండి. అన్నం పెట్టి, అదేరోజు సెంటర్‌కి ఫోన్ చేసి, వీలైతే మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. రోజులు గడిచేకొద్దీ చిక్కు ముదురుతుంది.

ఇవేవీ కాకుండా, వాడి గొంతులో జీవమే లేకపోతే, చచ్చిపోతానన్న మాట వస్తే, బెంగేలే అని వదిలేయకండి. ఆ క్షణమే సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పండి. పిల్లవాడి పరువు పోతుందని ఆలోచించకండి.

7. ఉత్తరాలు రాయండి

ఫోన్లున్న కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటారు. ఫోన్‌లో విన్న మాట ఫోన్ పెట్టగానే పోతుంది. ఉత్తరం దిండు కింద ఉంటుంది.

అడ్రసు తెలుగులో రాస్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయించండి, ఈ వరసలో: మొదటి వరస నంబర్, "అగ్నివీర్" అని, పేరు. రెండో వరస ప్లటూన్, కంపెనీ. మూడో వరస సెంటర్ పేరు. తర్వాత ఊరు, రాష్ట్రం, పిన్‌కోడ్. వెనకవైపు మీ అడ్రసు, ఫోన్ నంబర్. నంబర్ లేకపోతే ఒకే పేరున్న నలుగురు పిల్లల మధ్య మీ ఉత్తరం తిరుగుతూ ఉంటుంది. ట్రైనింగ్ అయ్యాక యూనిట్‌కి వెళ్తే అడ్రసు "56 ఏపీఓ"నో "99 ఏపీఓ"నో అని మారుతుంది (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు). అప్పుడు ఊరిపేరు రాయకూడదు.

రిజిస్టర్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. ముఖ్యమైన కాగితమైతే స్పీడ్‌పోస్టు, మామూలు కబురైతే మామూలు స్టాంపు.

ఏం రాయాలో తెలియక చాలామంది మానేస్తారు. ఇంట్లో జరిగే చిన్న చిన్న పనులు రాయండి. నేను రాసినదాంట్లో ఒక ముక్క:

"నాన్నా, ఈ వారం వాన పడింది. జామచెట్టు కొమ్మ విరిగింది, కాయలు మాత్రం నిలబడ్డాయి. చెల్లి నీ సైకిల్ తొక్కుతోంది, బ్రేకు బాగుచేయించాను. నీ చొక్కాలు రెండు పొట్టి చేసి తమ్ముడికిచ్చాను, కోప్పడకు. నీ గదిలో ఏదీ కదపలేదు. పాదాలకి రాత్రి నూనె రాసుకో. అమ్మ."

అప్పులవాళ్ళు వచ్చి కూర్చున్నారని రాయకండి. తాతకి సీరియస్ అని రాయకండి, నిజంగా సీరియస్ అయితే సెంటర్‌కి ఫోన్ చేయాలి. ఉత్తరం చేరేసరికి వారమో పది రోజులో గడిచి, వాడు పాత కబురుకి కొత్తగా ఏడుస్తాడు.

8. జీతం గురించి లెక్క తేల్చుకోండి

మొదటి సంవత్సరం నెలకి 30,000. అందులో 30 శాతం, అంటే 9,000, సేవానిధికి వెళ్తుంది. చేతికి 21,000. ప్రభుత్వం కూడా అంతే, 9,000, సేవానిధిలో వేస్తుంది. నాలుగో ఏడు 40,000 అవుతుంది. నాలుగేళ్ళ చివర వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు వస్తుందని పథకం ప్రకటించినప్పుడే చెప్పారు. ఆ నిధిలోంచి మధ్యలో తీసుకునేది ఏమీ ఉండదు. "సేవానిధి ముందే ఇప్పిస్తాం" అని ఎవరొచ్చినా వాళ్ళని గుమ్మం దాటి లోపలికి రానీయకండి.

తప్పెక్కడ చేస్తామంటే, 30,000 వస్తుందని లెక్కేసి బండి ఫైనాన్స్‌లో తెచ్చేస్తాం. మొదటి జీతం ఆలస్యంగా పడుతుంది. అకౌంటు నంబర్‌లోనో పేరులోనో తేడా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. అక్కడ వాడికీ చేతిఖర్చు ఉంటుంది. కనీసం ఆరు నెలలు వాడి జీతం మీద ఏ కిస్తీ పెట్టుకోకండి. పాస్‌బుక్కు మీ దగ్గరుంటే నెలకొకసారి ఎంట్రీ వేయించి, పడిన మొత్తం వాడికి ఫోన్‌లో చెప్పండి. ఏటీఎం కార్డు వాడి దగ్గరే ఉండనివ్వండి.

9. మోసం ఫోన్లు

"మీ అబ్బాయికి ట్రైనింగ్‌లో దెబ్బ తగిలింది, ఆపరేషన్‌కి వెంటనే డబ్బు పంపండి." "మీవాణ్ణి సైన్యంలోంచి తీసేయబోతున్నారు, యాభై వేలిస్తే ఆపుతాం." "మంచిచోట పోస్టింగ్ వేయిస్తాం." ఇలాంటివి తెలుగులోనే వస్తాయి, పిల్లవాడి పేరు, ఊరు కూడా చెప్తారు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ట్రైనింగ్‌లో వైద్యం ఆర్మీయే చేయిస్తుంది, ఇంటికి బిల్లు రాదు. కాబట్టి చేయాల్సింది: మాట్లాడేవాణ్ణి గుర్తుమాట అడగండి. ఫోన్ పెట్టేయండి. నోటుబుక్కులో ఉన్న సెంటర్ నంబర్‌కి మీరే చేయండి, వాళ్ళిచ్చిన నంబర్‌కి కాదు. డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. మా వీధిలోనే ఒకావిడ గొలుసు తాకట్టు పెట్టి పంపింది, కొడుకేమో ఆ సమయంలో గ్రౌండులో క్షేమంగా డ్రిల్ చేస్తున్నాడు.

10. ఫోటోలు, స్టేటస్‌లు

యూనిఫాంలో ఉన్న ఫోటో, సెంటర్ గేటు, కంపెనీ పేరు, ఎక్కడికి పోస్టింగ్, ఏదీ స్టేటస్‌లో పెట్టకండి. 2020లో ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లు తీసేయమని సైన్యం తన మనుషులకి చెప్పింది. మనం పెట్టిన స్టేటస్‌కి సంజాయిషీ వాడు చెప్పుకోవాలి. ఫోటో ప్రింటు తీయించి గోడకి పెట్టుకోండి.

వాడు కుదురుకున్నాడని తెలిసేదెలా

నోటుబుక్కులో ప్రతి ఫోన్ తర్వాత రెండు వాక్యాలు రాయండి. ఆరేడు వారాలయ్యాక మొదటి పేజీతో పోల్చి చూడండి. మాటల మధ్యలో హిందీ దొర్లుతుంది, "హా జీ" అనేస్తాడు. తోటివాళ్ళ పేర్లు చెప్తాడు, అందులో ఒక పంజాబీ కుర్రాడో, తమిళ కుర్రాడో ఉంటాడు. లంగర్‌లో, అంటే అక్కడి భోజనశాలలో, ఏ రోజు ఏం పెడతారో చెప్తాడు. ఇంటి గురించి వాడే అడుగుతాడు. ఇది పెద్ద గుర్తు, తన బాధలోంచి బయటికి వచ్చాడన్నమాట. పదో వారానికి కూడా ప్రతి ఫోన్‌లో మొదటి ఫోన్‌లోని మాటలే ఉంటే, ఆరో మెట్టుకి మళ్ళీ వెళ్ళండి.

కసమ్ పరేడ్‌కి సిద్ధం కావడం

హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్‌లో మొదటి అగ్నివీర్ బ్యాచ్‌కి మొత్తం ట్రైనింగ్ 31 వారాలు, అందులో 10 బేసిక్, 21 అడ్వాన్స్. విభాగాన్ని బట్టి మారుతుంది. చివర్లో కసమ్ పరేడ్, అంటే పిల్లలు ప్రమాణం చేసే కవాతు ఉంటుంది, తల్లిదండ్రుల్ని పిలుస్తారు, గౌరవ్ పదక్ అని ఒక పతకం మనకి ఇస్తారు.

తేదీ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, రెండు తేదీలు చూసుకుని రద్దు చేసుకోగల టికెట్ తీసుకోండి. మద్రాస్ రెజిమెంట్ సెంటర్ నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంది, అక్కడికైతే స్వెటర్లు తప్పనిసరి. ఎంతమందిని రానిస్తారో ముందే పిల్లవాణ్ణి కనుక్కోమనండి. వచ్చేవాళ్ళందరి ఆధార్ ఒరిజినళ్ళు పట్టుకెళ్ళండి. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, ఒక గంట ముందే చేరండి. గ్రౌండులో ఎండలో చాలాసేపు కూర్చోవాలి, పెద్దవాళ్ళకి నీళ్ళు, టోపీ మర్చిపోకండి.

అందరికీ ఒకే జుట్టు, ఒకే బట్టలు, ఒకే నడక కాబట్టి వరసలో మీవాణ్ణి గుర్తుపట్టలేకపోవచ్చు. నేను గుర్తుపట్టలేదు. ఎన్నో వరసలో ఎన్నో మనిషో ముందురోజు రాత్రి ఫోన్‌లో అడిగి రాసుకోండి.